పళ్లానికో వంక

"ఇది ఓండె ఓండేనా, గోళీకాయా?" అంటూ సల్బియా కొరికిన ఉండను పళ్లెం అంచున పెట్టేసింది.

ఆ ఆకుపచ్చటి పిండి ఉండ నోట్లో వేసుకోగానే లోపలి కొబ్బరి బెల్లం చిట్లి నాలుక మీద పారాలి. ఇందులో బెల్లం కరగనే లేదు. సల్బియా అన్నది నిజమే. కాకపోతే పిల్లను అడగడానికి వెళ్లిన ఇంట్లో, టీ చల్లారకముందే ఆ మాట అనడానికి ఆవిడకే నోరు రావాలి.

కొడుకు రుస్దీ కోసం, అక్క మైమునాను వెంటబెట్టుకుని, మలేసియాలోని జొహోర్ బారు నుంచి మూవార్ ఊరికి వచ్చిందావిడ. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఈ ఇంటి గుమ్మం ఎక్కింది. రుస్దీ ఉద్యోగం ఈ ఊళ్లోనే. ఈ ఇంటి పిల్ల ఫర్హానాను ఇష్టపడింది కూడా తనే. పెద్దలు మాట్లాడుకునే చోట పెళ్లికొడుకు కూర్చోకూడదు కనుక, తన కోసం చూడొద్దని తల్లికి ముందే ఫోన్లో చెప్పాడు.

పిల్ల తల్లి రొగాయా కుడి మణికట్టుకు కట్టు ఉంది. ఎడమచేత్తో టీ ఇస్తున్నందుకు మన్నించమంది. సల్బియా కప్పు అందుకోలేదు. బల్ల మీద పెట్టమని కళ్లతోనే చెప్పింది. తర్వాత పొరల పిండివంట తీసుకుని, ఒక్కో పొరా గోటితో లేపి చూసింది. ఒకటి అట్టలా ఉందంది, ఇంకోటి జిగురంది. అరిటాకులో కాల్చిన అన్నం పొట్లాన్ని వాసన చూసి అక్క వైపు తోసేసింది. మైమునా అది నిక్షేపంగా తినేసి మరోటి తీసుకుంది.

"మీ అమ్మాయి చేతివంట తిని నా కొడుకు ఎన్నాళ్లు బతుకుతాడు?" అంది సల్బియా, పిల్లకు తొడగడానికి తెచ్చిన ఉంగరం ఉన్న చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంటూ. "పెళ్లికి ముందు రెండు నెలలు నా దగ్గరికి పంపండి. కొబ్బరి పాలు తియ్యడం దగ్గర్నుంచి నేర్పుకుంటాను. అప్పటికీ రాకపోతే ఈ మాట ఇక్కడితో వదిలేద్దాం."

"ఇవి మా అమ్మాయి చెయ్యలేదు వదినగారూ. దానికి తెల్లవారుజాము నుంచి ఆసుపత్రిలో డ్యూటీ. ఇంకా ఇంటికే రాలేదు."

"మరి మీరా?"

రొగాయా కట్టు చూపించింది.

అయితే బజారు సరుకన్నమాట అని సల్బియా అక్కతో అంది, రొగాయాకు వినపడేలాగే. వియ్యపురాలి మొహాన కొనుక్కొచ్చిన తిండి పెట్టే ఇల్లు చూడటం ఇదే మొదలు అని కూడా అంది. రొగాయా మొహం ఎర్రబడింది. ఒక్కటీ కొనలేదనీ, పొద్దుటినుంచీ తన వంటింట్లోనే కొబ్బరి కోరి, పిండి కలిపి, ఆవిరి మీద ఉడికించి చేసినవేననీ చెప్పింది.

"ఎవరా చేసింది? పిలవండి, చూస్తాను," అంది సల్బియా. "ఒక్క పనీ నేర్పకుండా ఊరి మీదికి వదిలిన ఆ తల్లెవరో కూడా కనుక్కోవాలి."

 రొగాయా వంటింటి వైపు తిరిగింది.

"రుస్దీ, ఒకసారి ఇలా రా నాయనా. మీ అమ్మగారు పిలుస్తున్నారు."