దయకో పూలదండ

అడవి బడిలో ముళ్ళపంది పిల్ల పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. వెక్కిరింపులు విని విని విసిగిపోయిన ఆ పిల్ల, ఎవరు పలకరించినా కసిరేది. ఒకరోజు గోరింక పంతులమ్మ దయ మీద గొంతు పోయేలా పాఠం చెప్పి, "ముళ్ళపందితో మంచిగా మెలిగినవాళ్ళకు సాయంత్రం పూలదండ వేస్తాను" అంది.

అంతే, అందరికీ ప్రేమ పొంగుకొచ్చింది. కుందేలు పిల్ల ఓ దుంప తెచ్చి, పంతులమ్మ చూసేదాకా పట్టుకు నిలబడింది. ఆమె చూడగానే దుంప అక్కడ పడేసి పరుగు తీసింది. నెమలి పిల్ల పంతులమ్మకు వినబడేలా "అయ్యో పాపం" అంటూ ముక్కు చీదింది. ముళ్ళపంది ఒళ్ళు మండి పొదల చాటుకు పోయింది.

వెనకాలే ఉడుత పిల్ల వచ్చింది. "దాగుడుమూతలు ఆడదామా?"

"నీకూ దండ కావాలా? పో, గుచ్చుతాను!"

"ఏం దండ? పాఠంలో నేను నిద్రపోయాను. గుచ్చితే ఏడుస్తాగానీ, ముందు నువ్వు కళ్ళు మూసుకో."

ముళ్ళపందికి నవ్వాగలేదు.

సాయంత్రం దండ కుందేలు మెడలో పడింది. బడి ఎగ్గొట్టి ఆడుకున్నందుకు ఆ ఇద్దరికీ గుంజీలు పడ్డాయి. ఒకరి చెవులొకరు పట్టుకుని, పడీ పడీ నవ్వుతూ తీశారు.