నొప్పి లేని మనిషి

తరగతి ముగియగానే ఆ మనిషి నడుము దగ్గర వంగి, తొమ్మిది చాపలనూ ఒక్క ఊపులో ఎత్తి బీరువాలో సర్దాడు.

ఇన్‌స్పెక్టరు గారు అది చూశారు.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వెన్నుపూసలు అరిగి నాలుగేళ్లుగా నొప్పి. మందులు ఇక పెంచలేమని చెప్పి, డాక్టరు ఆసుపత్రిలోనే జరిగే ఈ ఎనిమిది వారాల ధ్యానం తరగతికి పంపారు.

"నొప్పిని తరమకండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో గమనించండి, అంతే," అనేది పాఠం చెప్పే నర్సు.

ధ్యానంలో మహిమ ఉందని ఆయన నమ్మలేదు. కానీ కొలిచి చూశారు. ఆరు వారాల్లో నొప్పి పోలేదు. నొప్పితో తగవు తగ్గింది. నిద్ర మూడు గంటల నుంచి అయిదు గంటలకు పెరిగింది.

"నడుంనొప్పి అని చీటీ రాయించుకున్నవాడు అలా వంగగలడా సిస్టర్?" అని ఆయన అడిగారు.

"కొందరికి కొన్నాళ్లు బాగుంటుందండీ."

"ఇతనికి ఆరు వారాలుగా బాగానే ఉంది."

అందరూ కళ్లు మూసుకుంటే అతను తెరుచుకుని నర్సు పెదవులనే చూసేవాడు. ఆపైన ప్రశ్నలు. పక్కకు తిరిగి పడుకుని చెయ్యొచ్చా? మధ్యలో దగ్గొస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?

"పరీక్షేమైనా రాస్తున్నావా నాయనా?" అని పక్క చాప టైలరమ్మ ఆటపట్టించేది.

"పాఠం అప్పజెప్పాలి కదమ్మా," అని నవ్వేవాడు.

ఉన్నవి తొమ్మిదే చాపలు. బయట నలభై మంది చీటీలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

మరుసటి వారం, పాఠం మొదలుకాకముందే, ఇన్‌స్పెక్టరు గారు అందరిముందూ అడిగారు.

"బాబూ, నీకు నొప్పి ఏ వైపు?"

అతను తడుముకున్నాడు. "ఎడమవైపండీ."

"పోయిన వారం టైలరమ్మతో కుడి అన్నావు."



"నాకు నొప్పి లేదండీ," అన్నాడు అతను చివరికి. "దానికో కారణం ఉంది..."

"దొంగ తూకం పట్టుబడ్డ ప్రతివాడికీ ఒక కారణం ఉండేదయ్యా. ముప్ఫై ఏళ్లు విన్నాను."

అతను నర్సు వైపు తిరిగాడు.

"రెండే పాఠాలు మిగిలాయి సిస్టర్. నాకు చాప వద్దు. గుమ్మం దగ్గర నిలబడి వింటాను."

"పైవాళ్లకు తెలిస్తే నా మీదికి వస్తుందండీ," అంటూ నర్సు చీటీ వెనక్కి తీసుకుంది.

అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ చాప మీదికి కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక ముసలాయన వచ్చాడు. లెక్క సరిపోయిందనుకున్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఎనిమిదో పాఠంతో తరగతులు ముగిశాయి. మర్నాటి నుంచి ఆ గదిని మరో విభాగానికి ఇచ్చేస్తున్నారు. నర్సు ఫైళ్లు పెట్టెలోకి ఎక్కిస్తుంటే ఇన్‌స్పెక్టరు గారు ఒక్కొక్కటే అందిస్తున్నారు.

బల్ల మీద ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక నర్సు స్పీకరు నొక్కింది.

వయసు మళ్లిన ఆడగొంతు. మాటకూ మాటకూ మధ్య నిదానంగా ఊపిరి తీసి వదులుతోంది.

"అమ్మా, మీ తరగతులు ఆరో పాఠం దగ్గర ఆగిపోయాయట. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు? ఆ ఆరింటితోనే నేను రాత్రి మాత్ర ఒకటి మానేశాను."

"ఆగిపోయాయని మీకెవరు చెప్పారండీ?"

ఇన్‌స్పెక్టరు గారు చేతిలో ఫైలుతో అలాగే నిలబడ్డారు.

"మా తమ్ముడమ్మా. నేను పదకొండేళ్లుగా మంచం దిగలేదు; రోగి స్వయంగా రావాల్సిందేనని మీవాళ్లు అంటే, నా నొప్పి తనదని రాయించుకుని, అక్కడ నేర్చుకున్నదంతా ఇంటికొచ్చి నాకు నేర్పేవాడు."