ఎక్కిళ్ల మందుకి నామకరణం

“హిక్కానిర్మూలన! ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను!” మందుల షాపు యజమాని బల్ల మీద గుద్దాడు. కొత్తగా తయారైన ఎక్కిళ్ల మందు సీసాలు గల్లుమన్నాయి.

“జబ్బు పేరు పెడితే ఎవడు కొంటాడు బావా? కంఠసౌఖ్యప్రదాయక అని పెట్టు, దూసుకుపోతుంది!” అన్నాడు సగం వాటా ఉన్న బావమరిది.

“పొయ్యి దగ్గర నిలబడి కాచింది నేను. పేరు మీరు పెడతారా?” యజమాని భార్య గరిట పట్టుకునే వచ్చేసింది. “సుమధురామృతబిందువులు. అంతే!”

లేబుళ్లు అచ్చేసే అతను గుమ్మంలో తల పట్టుకున్నాడు. “షాపు తెరిచే వేళయింది, ఏదో ఒకటి తేల్చండి సార్. లేదంటే మూడూ కలిపి అచ్చు కొట్టేస్తా!”

విసుగుతో అన్న మాటే. కానీ ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. ఎవరి మాటా పోదు!

“అయితే ముందు ‘సత్వర’ అని తగిలిద్దాం. ఊపొస్తుంది,” అన్నాడు అచ్చేసే అతను, తనకీ హుషారు పుట్టి.

లేబుళ్లు వచ్చాయి. పేరు సీసా చుట్టూ తిరిగొచ్చి తన తోకను తానే తాకింది. షాపు తలుపు తీశారో లేదో, ఒకాయన రొప్పుకుంటూ లోపలికొచ్చాడు.

“ఎక్కిళ్లండీ... హిక్... తెల్లారినప్పట్నుంచీ! ఇంకాసేపట్లో రేడియోలో... హిక్... వార్తలు చదవాలి. ఉద్యోగం పోయేలా ఉంది!”

మొదటి బేరం! ముగ్గురూ ఒకేసారి సీసా అందించారు.

“ఏం మందిది? సత్వరహి... హిక్... సత్వరహిక్కాని... హిక్...”

“ఆగకుండా చదవాలండీ,” బావమరిది రెచ్చగొట్టాడు. “వార్తలు చదివేవారు, మీకిదో లెక్కా?”

ఆయనకి రోషం వచ్చింది. గుండెల నిండా గాలి పీల్చి, సీసాను మెల్లగా తిప్పుతూ అందుకున్నాడు: “సత్వరహిక్కానిర్మూలనకంఠసౌఖ్యప్రదాయకసుమధురామృతబిందువులు!”

షాపంతా చప్పట్లు. యజమాని భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మందుని ఎంత అందంగా పిలిచాడు! యజమాని గబగబా మూత తీసి చెంచాలో పోశాడు.

“ఊఁ, నోరు తెరవండి సార్!”

ఆయన నోరు తెరవలేదు. గొంతు తడుముకున్నాడు. కాసేపు ఆగి చూశాడు. ఇంకాసేపు చూశాడు. ఎక్కిళ్ల జాడే లేదు. మొహం చాటంతయింది.

“మందు వద్దు గానీ, ఆ లేబుల్ ఒక్కటి చించి ఇస్తారా?”