గేటు దగ్గర క్యూ

బాల్టిమోర్ నడిబొడ్డున ఉన్న ఆ సర్కారు హైస్కూలు గేటు దగ్గర పిల్లల క్యూ మళ్ళీ రోడ్డు దాకా పాకింది.

ప్రిన్సిపాల్ వెర్నెట్టా చలికి చేతులు రుద్దుకుంటూ వచ్చింది.

"ఏంటి రూఫస్ గారూ, ఒక్కో బ్యాగుకీ రెండు నిమిషాలా?"

"కత్తులవీ ఉన్నాయేమో చూడాలి కదమ్మా," అన్నాడు ముసలి గార్డు, ఓ పిల్ల నోట్సులోంచి తలెత్తకుండానే.

"నోట్సులో కత్తులుంటాయా?"

ఆయన ఇంకో పేజీ తిప్పాడు.

ఆమె బాధ ఆమెది. ఈ యేడు లెక్కల్లో మార్కులు తగ్గితే బడి మూసేస్తామన్నారు పైవాళ్ళు. లెక్కల టీచరు దొరక్క రెండేళ్ళయింది. అయినా పోయినేడు మార్కులు పెరిగాయి. అదంతా రెండు లక్షల డాలర్లు పోసి కొన్న ట్యాబ్‌ల మహిమేనని ఆమె నమ్మకం. ఇక ఆ క్యూ ఒక్కటి తగ్గితే బడి గట్టెక్కినట్టే.

రూఫస్‌ని ఇంటికి పంపేసి, నలభై వేలు పెట్టి కొత్త స్కానర్ గేటు తెచ్చింది. పిల్లలంతా పది నిమిషాల్లో లోపల!

ఆ యేటి లెక్కల పరీక్షలో మార్కులు మాత్రం బయటే ఉండిపోయాయి.

పైవాళ్ళు జాలిపడి ఆఖరి గడువిచ్చారు. జూన్‌లో మళ్ళీ పరీక్ష.

వెర్నెట్టా పదో తరగతి జనాయాని పిలిచింది.

"నిజం చెప్పవే. పోయినేడు మీకు లెక్కలెలా వచ్చాయి?"

"గేటు దగ్గర మేడమ్. రూఫస్ తాత నోట్సులో ఏదో ఒక లెక్క మీద వేలు పెట్టేవాడు. అది చెప్తేనే లోపలికి."

"మరి ట్యాబ్‌లు?"

"వాటికి ఛార్జర్లే రాలేదుగా!"

వెర్నెట్టాకి తల కొట్టేసినట్టయింది. వెంటనే రూఫస్‌కి ఫోన్ చేసింది.

"తప్పయిపోయింది రూఫస్ గారూ. లెక్కల మాస్టారుగా వచ్చెయ్యండి. జీతం మీరెంతంటే అంత."

అవతల ఆయన పకపకా నవ్వాడు.

"నేను చెప్పడమేంటమ్మా! తొమ్మిదో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి. అరవయ్యో ఏట హైస్కూలు పరీక్షకి కట్టి, నాకు రానివన్నీ ఆ పిల్లల్నే అడిగేవాణ్ణి. ఈ మొద్దుబుర్రకి ఎక్కించాలని పాపం వాళ్ళే ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చేవాళ్ళు."

"పోనీ గార్డుగానే రండి. వాళ్ళని అలా అడుగుతూనే ఉండండి!"

"ఇంకెక్కడ కుదురుతుందమ్మా? మీ పిల్లలు నన్ను పాస్ చేయించేశారు, సోమవారం నుంచి కాలేజీ."