అప్పాజీ గుడికి వెళ్తున్నాడు

అప్పాజీ రోజూ గుడికి వెళ్తున్నాడని ఎవరో చెబితే త్రిమూర్తులు నమ్మలేదు.

ఇద్దరూ రాజమండ్రిలో ఒకే స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. దేవుడు లేడని నలభై ఏళ్లు ఊరూరా తిరిగి మీటింగులు పెట్టారు. నిప్పుల మీద నడవడానికి ఏ మహిమా అక్కర్లేదని వందమంది ముందు నడిచి చూపించింది అప్పాజీయే.

అనుమానం తీరక అతని ఇంటికి వెళ్లాడు. కోడలు దుర్గాశ్రీ తలుపు తీసింది.

"నిజమేనండి మాస్టారూ. నెల్లాళ్ల నుంచీ సాయంత్రం ఐదయ్యేసరికి స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని బయల్దేరిపోతున్నారు. ఈ వయసుకైనా మావయ్యగారికి దేవుడు గుర్తొచ్చాడు. మాకూ సంతోషమేనండి."

తిరిగి వస్తుంటే త్రిమూర్తులుకి కోపం కంటే భయం ఎక్కువేసింది. తనకీ డెబ్బై మూడు. కిందటి నెల ఆసుపత్రిలో స్కానింగ్ గదిలోకి తీసుకెళ్తుంటే తన నోటి వెంట "దేవుడా" అని వచ్చేసింది. ఎవరికీ చెప్పుకోలేదు. అప్పాజీయే లొంగిపోతే ఇక తనెంత?

మర్నాడు సాయంత్రం గోదావరి గట్టు మీది గుడికి వెళ్లాడు. ఊహ తెలిశాక మొదటిసారి చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టాడు.

ధ్వజస్తంభం పక్కన అప్పాజీ నిలబడి ఉన్నాడు. హారతి గంట మోగుతోంది. దర్శనం చేసుకుని వచ్చేవాళ్లకి పక్కకి తప్పుకుంటున్నాడే తప్ప అక్కణ్ణుంచి కదలడం లేదు. చూపు గర్భగుడి మీదే ఉంది. కళ్లల్లో నీళ్లు.

త్రిమూర్తులు వెళ్లి అతని భుజం పట్టుకుని ఊపాడు.

"ఏంట్రా ఇది? పిల్లలకి ఏం చెప్పాం మనం? చావంటే అంత భయమేసిందా?"

అప్పాజీ అయోమయంగా చూశాడు.

"ఉన్నాడంటావా దేవుడు?" త్రిమూర్తులు అడిగాడు. "ఆ ఒక్క మాటా చెప్పు. నేను వెళ్లిపోతాను."

ఆ ప్రశ్న తన కోసమే అడుగుతున్నానని అతనికి తెలుసు.

"అవన్నీ ఇప్పుడెందుకురా!" అప్పాజీ మళ్లీ లోపలికి తొంగి చూశాడు. "చీకటి పడిపోతోంది. మా ఆవిడ దర్శనానికని వెళ్లింది, ఇంకా బయటికి రాలేదు. నువ్వు కాస్త లోపలికెళ్లి పిలుచుకురా."

మూడేళ్ల కిందట ఆవిడ పాడె మోసిన నలుగురిలో త్రిమూర్తులు ఒకడు.