ఉత్తుత్తి ఏడుపు

"నా పేరు చెప్పు రమేషూ. నీకు పుణ్యముంటుంది. ఒక్కసారి నా పేరు చెప్పు."

నెత్తిమీది చేపల గంప దించకుండానే బతిమాలుతోంది నాగదుర్గ. సెల్‌ఫోన్ల షాపులోంచి తల బయటపెట్టి విసుక్కున్నాడు రమేష్ బాబు.

"రోజూ ఇదే గోలా వదినా? నేను చెబితే ఇచ్చేస్తారా ఏంటి?"

ఉప్పాడలో రమేష్ బాబుకి రెండు పనులు. ఫోన్లు బాగుచెయ్యడం ఒకటి. సినిమా అవార్డుల సీజను వచ్చిందంటే, ఉత్తమ నటుడెవరో, నటి ఎవరో యూట్యూబులో జోస్యం చెప్పడం రెండోది. పోయినేడు వాడు చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. దాంతో వాడి నాలుక మీద మచ్చుందని ఊళ్ళో ఆడవాళ్ళు తేల్చేశారు. నోరు తెరిపించి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరనుకోండి!

ఈసారి ఉత్తమ సహాయనటి పోటీలో నాగదుర్గ ఉంది. చేపలమ్ముకునే మనిషికీ సినిమాకీ ఏంటి సంబంధం అంటారా? ఆమధ్య సినిమావాళ్ళు ఈ తీరానికి షూటింగుకొచ్చారు. మొగుడి పడవ మునిగిందని విని ఒడ్డున కూలబడి ఏడ్చే ఆడమనిషి కావాలన్నారు. డైరెక్టరు కళ్ళు నాగదుర్గ మీద పడ్డాయి.

"అమ్మో, నేను చెయ్యనండి బాబూ!" అందామె.

పడవలు నీళ్ళ మీదుండగా ఒడ్డున ఆడది ఏడవకూడదు. గంగమ్మ నిజమనుకుంటుంది. చంటిపిల్ల గుక్కపెట్టినా సరే, గబగబా ఇంట్లోకి ఎత్తుకుపోతారు అక్కడ.

"ఇది నటనే కదమ్మా," అన్నాడు డైరెక్టరు.

అందరూ బలవంతం చేశారు. మొగుడు వీరబాబు కూడా, "చెయ్యవే, తెరమీద కనబడతావు," అని నవ్వుతూ పడవెక్కాడు. నాగదుర్గ కొబ్బరికాయ కొట్టి, "తల్లీ, ఇది ఉత్తుత్తి ఏడుపు," అని గంగమ్మకి విన్నవించుకుని మరీ ఏడ్చింది. ఆ ఏడుపుకి సినిమాహాళ్ళలో ఆడవాళ్ళ కొంగులు తడిసిపోయాయి.

అత్త పాపాయమ్మ మాత్రం ఆనాటి నుంచి కోడలితో మాట మానేసింది. ఒడ్డున ఏడ్చిన ఆడదానితో మాటేంటంటుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అయినా ఉలుకూ పలుకూ లేదు. అన్నం పెడితే కంచం పక్కకి జరుపుతుంది. కోడలి చేతుల నిండా ఉన్న గాజులు గలగలమంటే మొహం తిప్పుకుంటుంది. పగవాడికి కూడా వద్దు ఆ నరకం.

బహుమతి వస్తే చాలు. అది నటనేనని పెద్దపెద్దవాళ్ళు పదిమందిలో ఒప్పుకున్నట్టే. అప్పుడు అత్త ఒప్పుకోక చస్తుందా? నాగదుర్గ ప్రాణాలన్నీ ఆ ఆశమీదే పెట్టుకుంది. పెద్దాపురం మరిడమ్మకి పట్టుచీర మొక్కుకుంది. ఏ పేపర్లో ఎవరి జోస్యం వచ్చినా ఎవరో ఒకరి చేత చదివించుకునేది. టీవీలో నలుగురు కూర్చుని పేరున్న ఇంకో నటికే వస్తుందని తేలిస్తే ఆ పూట ముద్ద దిగేది కాదు.

"మొగుడు సముద్రం మీదుంటే దీనికి బహుమతి పిచ్చేంటే?" అని వెనకాల గుసగుసలు. విననట్టే నడిచిపోయేది.

సభకి హైదరాబాదు రమ్మని విమానం టికెట్టు పంపుతామన్నారు. వెళ్ళనంది.

"ఆయనొచ్చే వేళకి నేను ఇంట్లో లేకపోతే ఎలాగండి?"

రోజూ వీరబాబు కంచంలో అన్నం వడ్డించి మూతపెట్టే మనిషి, ఇల్లు వదిలి ఎక్కడికెళుతుంది!

"చూడు వదినా," గొంతు తగ్గించాడు రమేష్ బాబు. "ఉన్నమాట చెబుతున్నాను, ఏమీ అనుకోకు. నీకు రాదు. నువ్వు ఏడ్చావంతే. అందులో నటనేదీ?"

గంప దబ్బున కిందపడింది. చందువాలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి.

"నటనే! గంగమ్మ మీదొట్టు, నటనే! కళ్ళల్లో మందేశారు. మళ్ళీ మళ్ళీ చేయించారు. లోపల నవ్వొస్తున్నా ఆపుకుని ఏడ్చాను. ఉత్తుత్తినే ఏడ్చాను రమేషూ!" అంటూ వాడి కాళ్ళమీద పడబోయింది.

రమేష్ బాబు హడలిపోయాడు. "లే వదినా, లే. చెబుతాను, నీ పేరే చెబుతాను." అప్పటికప్పుడు ఫోను తీసి వీధంతా వినబడేలా అరిచాడు: "ఈ ఏడాది ఉత్తమ సహాయనటి, మా ఉప్పాడ నాగదుర్గ!"

అవార్డుల సాయంత్రం షాపు ముందు పెద్ద టీవీ పెట్టాడు. వీధి వీధంతా వచ్చింది. ఎన్నడూ గడప దాటని పాపాయమ్మ కూడా వచ్చి ఓ మూల కూర్చుంది. వచ్చిందంటే మనసు మెత్తబడ్డట్టే అనుకుంది నాగదుర్గ.

టీవీలో కవరు చించారు. "నాగదుర్గ, ఉప్పాడ!"

నాలుక మీద మచ్చ అబద్ధమాడలేదు. నాగదుర్గ లేచి, చేతులు జోడించి, సముద్రం వైపు తిరిగింది.

"విన్నావా తల్లీ? నటనేనంట!" తర్వాత అత్త వైపు తిరిగింది. "అత్తా, నువ్వూ విన్నావు కదా?"

బహుమతి నిర్ణయించిన పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

"ఎన్నో ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నానండీ. ఇలాంటి ఏడుపు నేను చూడలేదు. ఆ తల్లి నటించలేదు... జీవించేసింది!"

అక్కడ హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇక్కడ షాపు ముందు ఒక్కరూ చెయ్యి కదపలేదు.

పాపాయమ్మ మెల్లగా లేచొచ్చి కోడలి చెయ్యి పట్టుకుని, షూటింగు నాడు నవ్వుతూ పడవెక్కిన కొడుకు తిరిగిరాని ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమెతో మాట్లాడింది: "ఇంక ఆ గాజులు తీసేద్దాం, రావే తల్లీ."