ఎర్ర పెన్సిళ్ల ఆఫీసు

ఆ పిల్ల లెక్కల ఆఫీసులో చేరి సరిగ్గా వారం. ఉంటుందో మానేస్తుందో తెల్లారేసరికి చెప్పెయ్యమన్నాడు యజమాని. సంవత్సరాఖరు పని తెమలక, అందరూ వెళ్లిపోయినా తను మిగిలిపోయింది. ఎటూ తేలక మేనత్తకు ఫోన్ చేసింది.

"అత్తా, ఈ పని నాకు పడుతుందంటావా?"

"నన్నడుగుతావేమే! పదివేళ్లూ దాటితే నాకు లెక్కే రాదు. కాగితం మధ్యన గీత కొట్టి, ఈ పక్క మంచి, ఆ పక్క చెడ్డ రాసుకో. ఏది ఎక్కువైతే అదే."

రాసుకుంది. మంచి వైపు, అంకెలంటే ఇష్టం, నెల తిరిగేసరికి జీతం. చెడ్డ వైపు, నడుం నొప్పి, తప్పు దొర్లితే తిట్లు, రాత్రుళ్లు ఒక్కదాన్నే ఉండాలి. రెండుకు మూడు. ఇక మానేద్దామని తేల్చుకుని, మంచినీళ్ల కోసం తలుపు దాటింది.

గ్లాసు నిండుతుంటే, లోపల కాగితం మీద పెన్సిల్ గీసిన చప్పుడైంది. ఎలుకేమోలే అని గుండె దిటవు చేసుకుని వచ్చి చూసింది. గదిలో పురుగైనా లేదు.

ఆ ఆఫీసులో సరిచూడడానికి అందరికీ ఎర్ర పెన్సిళ్లే ఇస్తారు. ఆమె కాగితం మీద మాత్రం వరుసవరుసకీ ఆకుపచ్చ టిక్కు ఉంది. ఒక్క ఆఖరి వరుసకే లేదు. 'రాత్రుళ్లు ఒక్కదాన్నే ఉండాలి' అన్నదాన్ని స్కేలు పెట్టినంత తిన్నగా కొట్టేసి ఉంది.

ఇప్పుడు రెండుకు రెండు. లెక్క సరిపోయింది.

పక్కనున్న ఖాళీ కుర్చీ కిర్రుమంటూ ఆమె వైపు జరిగింది.